సమాంతరం కాని గల్లీ

విమానాశ్రయం శంషాబాద్‌కు వచ్చిన రెండో చలికాలంలో జరిగిన సంగతి ఇది. మా ఆయనకు అక్కడ కార్గోలో షిఫ్టుల ఉద్యోగం. నేను ఊళ్లో ఒక చిన్న ప్రైవేటు బడిలో తొమ్మిదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఇద్దరం గుంటూరు వైపు నుంచి వచ్చినవాళ్లం. హైవే మోత పడక, ఊరికి కాస్త ఎడంగా ప్లాట్లు వేసిన ఒక కొత్త వెంచర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

వెంచర్ అని పేరేగానీ అప్పటికి అక్కడ వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఇళ్లే ఉండేవి. మిగతాదంతా నంబర్లు రాసిన హద్దురాళ్లు, వాటి మధ్య సర్కారు తుమ్మ, ఎండిన గడ్డి. వెంచర్ ముందున్న కమాను దగ్గర మొదలై వెడల్పాటి రోడ్డొకటి తిన్నగా లోపలికి పోయేది. దాన్ని అందరూ నలభై అడుగుల రోడ్డు అనేవాళ్లు. ఎడమవైపు అంతా బండలు. కుడివైపున వరసగా గల్లీలు. ప్రతి గల్లీ పెద్దరోడ్డు నుంచి లంబకోణంలో బయల్దేరి, అవతల ఉన్న పొడవాటి ప్రహరీగోడ దగ్గర ఆగిపోయేది. మా ఇల్లు కమానుకు దగ్గర్లో, పెద్దరోడ్డు మీదే.

లెక్కలు చెప్పుకునేదాన్ని కాబట్టి ఆ తీరు నాకు ఎంతో నచ్చింది. మా ఊళ్లో సందులు ఒకరి పశువుల పాకను తప్పించుకుంటూ, ఇంకొకరి గుమ్మానికి దారి ఇస్తూ వంకర్లు తిరుగుతాయి. ఇక్కడ అలా కాదు. ఎవరో కాగితం మీద స్కేలు పెట్టి గీసినట్టుగా నేల మీద గీతలు పడ్డాయి.

డిసెంబరులో మా అత్తయ్య మా దగ్గర కొన్నాళ్లు ఉందామని వచ్చారు. ఆవిడకు చాలా ఏళ్లుగా షుగరు. పొద్దున్నే లేచి నడక, రాగానే ఇన్సులిన్ సూది, ఆ తర్వాత టిఫిను. ఈ వరస ఎప్పుడూ తప్పేవారు కాదు. సూది కూడా తనే పొడుచుకునేవారు. నడక మూడో గల్లీలో. గోడ దాకా పోయి, గోడ వెంబడే నాలుగో గల్లీకి మళ్లి, దాన్లోంచి మళ్లీ పెద్దరోడ్డు మీదికి వచ్చి ఇంటికి చేరేవారు.

ఒకనాటి సాయంత్రం నేను చాప మీద కూర్చుని, మూలమట్టాలు పెట్టి మర్నాటి పాఠానికి బొమ్మ గీస్తున్నాను. అత్తయ్య ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు.

"ఏం గీస్తున్నావమ్మా?"

"రేపటి పాఠం అత్తయ్యా. ఒక గీత మీద లంబంగా రెండు గీతలు నిలబెడితే ఆ రెండూ సమాంతరంగా పోతాయి. ఎప్పటికీ కలవవు."

"ఎంత దూరం పోయినా?"

"ఎంత దూరం పోయినా."

ఆవిడ చేతిలో కాయ పట్టుకుని కాసేపు ఆ బొమ్మ వంకే చూశారు. "ఎందుకు కలవవు?" అన్నారు.

అలా అడిగే పిల్లలు నా తరగతిలో ఒకరో ఇద్దరో. నాకు హుషారొచ్చింది. "కలిశాయనుకోండి. అప్పుడు మూడు గీతలూ కలిసి ఒక త్రిభుజం అవుతుంది. త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే నూట ఎనభై డిగ్రీలు. అడుగున ఉన్న రెండూ తొంభై, తొంభై. నూట ఎనభై వాటికే సరిపోయింది. ఇక పైన కలిసే మూలకి ఏం మిగిలింది?"

"ఏం లేదు."

"మూలే లేనప్పుడు కలిసేదెక్కడ?"

అత్తయ్య నవ్వారు. "అయితే మన గల్లీలూ అంతేగా. నేను రోజూ పోయే గల్లీ, వచ్చే గల్లీ ఎక్కడా దగ్గరపడవు."

"అంతే. అన్నీ ఈ పెద్దరోడ్డుకే లంబంగా ఉన్నాయి. గోడ దగ్గర్నుంచి ఏ గల్లీ పట్టుకుని వెనక్కొచ్చినా రోడ్డు మీదికే వస్తారు. ఇక్కడ దారి తప్పాలన్నా తప్పలేం అత్తయ్యా."

ఆ మాట ఎంత ధీమాగా అన్నానో నాకింకా గుర్తుంది.

మర్నాడు మా ఆయన తెల్లవారకముందే డ్యూటీకి వెళ్లిపోయారు. నేను లేచి ఇడ్లీ వేసి, అత్తయ్య పళ్లెంలో పెట్టి మూత వేసి, స్నానానికి వెళ్లాను. వచ్చేసరికి ఆవిడ మంచం ఖాళీగా ఉంది. గడప దగ్గర చెప్పుల్లేవు. నడకకు వెళ్లుంటారనుకుని తల తుడుచుకుంటూ వంటింట్లోకి వచ్చాను. ఇడ్లీ పళ్లెం మీద మూత పెట్టింది పెట్టినట్టే ఉంది. పక్కన ఇన్సులిన్ డబ్బా తెరిచి ఉంది. వాడిన సూది, చిన్న దూది ముక్క.

ఒక్క క్షణం నాకేమీ తట్టలేదు. ఆ తర్వాత అర్థమైంది. ఆవిడ వరస మార్చేశారు. ముందు సూది పొడుచుకుని, తినకుండా నడకకు వెళ్లిపోయారు. ఎంతసేపయిందో తెలియదు. కిటికీ వైపు చూశాను. కిటికీ అవతల తెల్లగా గుడ్డ కట్టినట్టుంది.

అంతటి పొగమంచు నేను అంతకుముందు చూడలేదు. చేతికందిన పంచదార గుప్పెడు తీసి చున్నీ కొంగులో ముడేసుకుని, నీళ్ల సీసా పట్టుకుని బయటపడ్డాను. గేటు తీస్తే గేటు అవతల రోడ్డు లేదు. ఎదురుగా ఉండే బండలు లేవు. పైన ఎక్కడో విమానం మోత, దిగడానికి వీల్లేక తిరుగుతున్నట్టుగా దగ్గరికొచ్చి దూరమవుతోంది. అది ఏ వైపున ఉందో కూడా తెలియడం లేదు.

"అత్తయ్యా!" అని అరిచాను. గొంతు నోటి ముందే ఆగిపోయినట్టనిపించింది.

రోడ్డు అంచు రాళ్లను చూసుకుంటూ మూడో గల్లీ మొదలు పట్టుకున్నాను. అడుగు ముందు అడుగే కనిపిస్తోంది. ఎక్కడో కుక్కలు మొరుగుతున్నాయి. ఇళ్లు లేని చోట కుక్కలు గుంపులుగా తిరుగుతాయని తెలుసు. పగలే నేను వాటికి భయపడి చేతిలో గొడుగు పట్టుకుని నడిచేదాన్ని. ఆ పొద్దు గొడుగు గుర్తు రాలేదు. ప్రతి తుమ్మకంప దగ్గరా ఆగి, దాని వెనకాల ఆవిడ పడి ఉన్నారేమోనని వంగి చూశాను. ఒక చోట చీరలా కనిపించి పరిగెత్తాను. తీరా చూస్తే సిమెంటు సంచి.

గోడ తగిలింది. తడిసి చల్లగా ఉంది. చెయ్యి దాని మీద ఆనించి నడిచి, నాలుగో గల్లీలో తిరిగి, పిలుస్తూ పిలుస్తూ పెద్దరోడ్డు మీదికొచ్చాను. ఎవరూ లేరు.

రోడ్డు మీద పుల్లల మోపు నెత్తిన పెట్టుకుని వాచ్‌మన్ భార్య ఎదురైంది. పక్క ఊళ్లోనే పుట్టిన మనిషి. మా ఇంట్లో పాలు పోసేది ఆవిడే.

"ఏమైంది టీచరమ్మా? గట్ల ఉరుకుతున్నవేంది?"

"మా అత్తయ్య కనపడటం లేదక్కా. సూది వేసుకుని ఏమీ తినకుండా వచ్చేశారు. షుగరు పడిపోతే ప్రాణానికే ముప్పు."

"అయ్యో! పొద్దుగాల మా గుడిసె ముంగట్నుంచే పోయింది. మంచు కురుస్తున్నది, పోకు పెద్దమ్మా అన్న. గోడ పట్టుకొని పోయొస్త తీ అన్నది." మోపు కింద పడేసింది. "ఆగు, నేను గూడ వస్త."

నాకు అప్పుడొక ఆలోచన వచ్చింది. అత్తయ్య నాలుగో గల్లీ గుర్తుపట్టలేక గోడ వెంబడే ఇంకా లోపలికి పోయుంటారు. ఐదోదో ఆరోదో ఏదో ఒక గల్లీలోకి తిరిగుంటారు. ఏదైతేనేం, అన్నీ సమాంతరాలే, అన్నీ ఈ రోడ్డు మీదికే రావాలి. గల్లీ గల్లీ తిరిగితే మంచులో ఒకరినొకరం దాటిపోతాం. ఇక్కడే రోడ్డు మీద అటూ ఇటూ నడుస్తూ పిలుస్తూ ఉంటే ఆవిడే వచ్చి కలుస్తారు. ఆవిడకీ ఆ సంగతి తెలుసు. నిన్ననే చెప్పానుగా.

అక్కకి అదే చెప్పాను. సరేనంది. ఇద్దరం రోడ్డు మీద దూరదూరంగా నడుస్తూ పిలిచాం. "అత్తయ్యా!" అని నేను, "పెద్దమ్మా! ఓ పెద్దమ్మా!" అని ఆమె. ప్రతి గల్లీ మొదట్లో ఆగి చెవులు రిక్కించాం. మంచు బొట్లుగా కరెంటు తీగల మీంచి రాలుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఆయనకు ఫోన్ చేశాను. డ్యూటీలో ఫోన్లు బయటే పెట్టేస్తారు, అది మోగి మోగి ఆగిపోయింది. నిమిషాలు గడుస్తున్నాయి. అత్తయ్య చెమటలు పట్టి, కళ్లు తిరిగి, పిలిచినా పలకలేక ఎక్కడో రాళ్ల మధ్య ఒరిగిపోయి ఉన్నట్టే కళ్ల ముందు కనిపిస్తోంది.

"ఇగ రాదు టీచరమ్మా. వచ్చేదుంటే ఎప్పుడో వస్తుండె" అంది అక్క. ఆ గొంతులో కూడా భయం ఉంది. "చివరిదాంక పోదాం పా."

గోడ దగ్గరికి మళ్లీ పోయి, దాన్ని పట్టుకుని లోపలికి, ఎప్పుడూ పోని వైపుకి నడిచాం. ఎనిమిదో గల్లీ దాటాక ఇంకొక గల్లీ మొదలు కనిపించింది. అదే ఆఖరుది. అక్కడితో గోడ కూడా అయిపోయింది. ఆ గల్లీలోకి తిరిగాం. మట్టి మెత్తగా ఉన్న చోట చెప్పుల గుర్తులు కనిపించాయి. చిన్న పాదం. నేను వాటి మీద చెయ్యి పెట్టి కూర్చుండిపోయాను.

"లే, లే. ఆమెవే. దొర్కుతది" అని అక్క నన్ను లేవదీసింది.

మా ఎడమచేతి వైపు ఎనిమిదో గల్లీ ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. మొదట్లో అవి ఎంత దగ్గరగా ఉన్నాయంటే, నడుస్తూనే వాటి మీద నంబర్లు చదవగలిగాను. మరికాస్త ముందుకు పోయేసరికి నంబర్లు మసకబారాయి. ఇంకాస్త పోయాక రాళ్లే కనిపించలేదు. మంచు చిక్కనైందేమో అనుకున్నాను. అనుమానం తీరక గల్లీ దిగి ఆ రాళ్ల కోసం పక్కకి నడిచాను. నడిచాను, నడిచాను, అప్పటికిగానీ ఒక రాయి దొరకలేదు. ఇందాక చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్న వరస ఇది.

ఆ రెండు గల్లీల మధ్య ఎడం పెరుగుతోంది. అంటే అవి సమాంతరాలు కావు. సమాంతరాలు కాకపోతే ఈ గల్లీ పెద్దరోడ్డుకు లంబంగా లేనట్టే. అన్నీ లంబంగా ఉన్నాయని నేను చెప్పింది కమాను దగ్గరి నాలుగైదు గల్లీలను చూసి. ఈ చివరిదాన్ని నేనెప్పుడూ చూడనేలేదు.

"అక్కా, ఈ గల్లీ రోడ్డు మీదికి పోతుందా?"

"లేదు గదా. రోడ్డు ఎనిమిదో గల్లీ కాడ్నే ఒడిసిపోయింది. ఇది మా చిన్నప్పటి బండ్లబాట. దీన్ని గిట్లనే ఉంచి పక్కల రాళ్లు పాతిన్రు." ఆపైన మెల్లగా అంది. "గిది క్వారీ గుంతకు పోతది టీచరమ్మా."

ఆ గుంత సంగతి నేను విన్నాను. ఎప్పుడో బండ తవ్వి వదిలేసింది, వానలకు నీళ్లు నిండి ఉంటుందని, చుట్టూ కంచె కూడా లేదని అందరూ చెప్పుకునేవాళ్లు. ఆ తర్వాత ఎలా పరిగెత్తానో తెలియదు. చెప్పు తెగింది, వదిలేశాను. నా వెనక అక్క "నిమ్మలంగ! నిమ్మలంగ!" అని అరుస్తూనే ఉంది. ఒక చోట నా రెక్క పట్టుకుని గట్టిగా వెనక్కి లాగింది.

"ఆగు! గుంత గీడనే."

నా కాలి కింది నుంచి ఒక రాయి దొర్లింది. కాసేపటికి కింద నీళ్ల చప్పుడైంది. నీళ్లు కనిపించలేదు. అంచు కూడా కనిపించలేదు. నేను అక్కని పట్టుకుని నిలబడిపోయాను. పిలవడానికి ధైర్యం చాలలేదు. పిలిస్తే పలక్కపోతే ఏం చెయ్యాలన్న భయం.

అప్పుడు మాకు కుడివైపు నుంచి సన్నగా గొణుగుడు వినిపించింది.

"రోడ్డు రావాలిగా... రోడ్డు రావాలిగా..."

కంకర కుప్పకు ఆనుకుని అత్తయ్య కూర్చుని ఉన్నారు. గుంతకు నాలుగు బారల దూరం కూడా లేదు. చీర చెమటకు, మంచుకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. చేతులు వణుకుతున్నాయి. నేను ఎదురుగా కూర్చుని ముఖం పట్టుకుంటే నా చెయ్యి తోసేశారు.

"ఎవరమ్మా నువ్వు? నన్ను ముట్టుకోబాక."

"నేను అత్తయ్యా. మీ కోడల్ని."

ఆవిడ కళ్లు నా ముఖం మీద ఉన్నాయి కానీ నన్ను చూడటం లేదు. అంతసేపూ పడ్డ భయం ఒక ఎత్తు, ఆ చూపు ఒక ఎత్తు. కొంగు ముడి విప్పాను. పంచదార చెమ్మకు ముద్దయింది. వేలితో తీసి ఆవిడ పెదవుల లోపల, బుగ్గన పులిమాను. మొదట ఊసేశారు. అక్క వెనకనుంచి పట్టుకుని, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది: "తియ్యగుంటది పెద్దమ్మా. జర మింగు. నా బంగారం గదా, మింగు." మళ్లీ పులిమాను. ఈసారి చప్పరించారు. కొంచెం కొంచెంగా, గుటక వేస్తున్నారో లేదో చూసుకుంటూ మొత్తం పెట్టాను. ఆపైన నీళ్లు.

మొగుణ్ని పిలుచుకొస్తానని అక్క పోయింది. నేను అత్తయ్యను కావలించుకుని కూర్చున్నాను. ఆవిడ ఒళ్లు నా ఒంటికి ఆనుకుని వణుకుతోంది, ఎవరి వణుకు ఎవరిదో తెలియకుండా. పైన విమానం మళ్లీ తిరిగింది. ఎంతసేపటికో ఆవిడ తల ఎత్తి నన్ను చూశారు.

"ఇడ్లీ చల్లారిపోయుంటుందమ్మా" అన్నారు.

నేను బిగ్గరగా ఏడ్చేశాను.

వాచ్‌మన్ మోపెడ్ మీద ఆవిణ్ని మధ్యలో కూర్చోబెట్టుకుని ఊళ్లో క్లినిక్‌కి తీసుకెళ్లాం. డాక్టరు గ్లూకోజు ఎక్కించి, ఇంకొంచెం ఆలస్యమైతే స్పృహ పోయి ఉండేదని, సూది వేసుకున్నాక తినకుండా గడప దాటొద్దని గట్టిగా చెప్పాడు. మధ్యాహ్నానికి మా ఆయన పరిగెత్తుకుంటూ వచ్చారు. తల్లి చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నారు.

సూది ముందెందుకు వేసుకున్నారో అత్తయ్య ఆ రాత్రి చెప్పారు. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయట, నడిచొచ్చాక సిరంజి పట్టుకోలేనేమోనని భయమేసిందట. "గోడ దగ్గర గల్లీలు లెక్కపెట్టుకుంటూనే పోయాను. మధ్యలో ఎక్కడో లెక్క తప్పింది. దారి కనపడితే తిరిగాను. రోడ్డు ఎంతకీ రాదు. వెనక్కి తిరుగుదామంటే ఏది వెనకో తెలీలా."

రెండ్రోజుల తర్వాత బడికి వెళ్లి ఆ పాఠం చెప్పాను. బోర్డు మీద అడ్డంగా ఒక గీత గీసి, దాని మీద మొదటి లంబం నిలబెట్టాను. రెండోది గీయబోతుంటే సుద్దముక్క విరిగింది. గీత కొంచెం వాలింది. వెనక బెంచీలోని ఒక పిల్ల లేచి, "అది వంకరైంది మేడం" అంది.

"వంకరైతే ఏమవుతుంది?"

"ఒక దిక్కు దగ్గరైతయ్, ఇంకో దిక్కు దూరమైతయ్."

"అవును" అన్నాను. తుడిచేసి, మూలమట్టం పెట్టి మళ్లీ గీశాను. త్రిభుజం లెక్కా చెప్పాను. ఆ సిద్ధాంతంలో తప్పేమీ లేదు, అప్పుడూ లేదు. రెండు గీతలూ ఒకే గీతకు లంబంగా ఉన్నప్పుడే సమాంతరాలవుతాయి. ఉన్నాయో లేదో ముందు కొలిచి చూడాలి. ఆ 'ఉన్నప్పుడే' అన్న మాటను పిల్లల చేత రెండుసార్లు చెప్పించాను. ఎందుకో వాళ్లకు చెప్పలేదు.

వారం తిరక్కుండానే మళ్లీ పొగమంచు పట్టింది. విమానం మోతకు నాకు మెలకువ వచ్చింది. కిటికీ మళ్లీ తెల్లగా ఉంది. మా ఆయన డ్యూటీలో ఉన్నారు. చప్పుడు కాకుండా లేచి ముందు గదిలోకి వెళ్లి తలుపు గడియ మీద చెయ్యి పెట్టి చూశాను. వేసే ఉంది. అయినా నమ్మకం కుదరక, చీకట్లో తడుముకుంటూ అత్తయ్య మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. ఊపిరి వినిపిస్తుందేమోనని వంగాను.

ఆవిడ నిద్రపోవడం లేదు. దుప్పటి గడ్డం దాకా లాక్కుని, కళ్లు తెరుచుకుని, ఆ కిటికీ వంకే చూస్తున్నారు.

"నేనెక్కడికీ పోలేదులే" అన్నారు నెమ్మదిగా. కాస్త జరిగి మంచం మీద చోటిచ్చారు. "నువ్వూ ఇక్కడే పడుకో. తెల్లారేదాకా నాకూ భయంగానే ఉంది."